దవడ టక్కుమంటోందా? మూడు వేళ్లు పెట్టి చూసుకోండి

ఆవులించినప్పుడల్లా నా కుడి చెవి దగ్గర టక్కుమనేది. చెవిపోటు అనుకుని వైద్యుడికి చూపిస్తే చెవిలో ఏ లోపమూ లేదన్నారు. గొడవ పక్కింట్లో ఉంది, దవడ కీలులో.

చూపుడు వేళ్లు రెండు చెవుల ముందు ఆనించి నోరు తెరవండి. వేళ్ల కింద గుండ్రంగా కదిలేదే కింది దవడ తల. ఈ కీలు తలుపు బందులా తిరగడమే కాదు, ముందుకు జారుతుంది కూడా. ఎముకల మధ్య మెత్తగా ఆనే చిన్న బిళ్ల చోటు తప్పి, నోరు తెరిచేటప్పుడు మళ్లీ సర్దుకుంటే ఆ చప్పుడు వస్తుంది. నొప్పి లేని చప్పుడుకు సాధారణంగా వైద్యం అక్కర్లేదు. ఈ మాట తెలియక నేను నెల రోజులు బెంగపడ్డాను.

దవడ కీలు బాధ అరుదైనదేమీ కాదు. నూటికి 5 నుంచి 12 మందికి ఉంటుందని అంచనా. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది.

ఇప్పుడు అద్దం ముందు నిలబడి, మీ మూడు వేళ్లు ఒకదానిపై ఒకటిగా పళ్ల మధ్య పెట్టి చూడండి. మామూలుగా పడతాయి. పట్టకపోయినా, దవడ పట్టేసినా, నమిలితే నొప్పిగా ఉన్నా దంతవైద్యుడికి చూపించండి.

నా విషయంలో అసలు దొంగ పళ్లు బిగించే అలవాటు. నా పని ప్రూఫులు దిద్దడం. అచ్చుతప్పు కనబడగానే పై పళ్లూ కింది పళ్లూ కరుచుకునేవి. ఊరికే ఉన్నప్పుడు అవి తగలనే కూడదు. కంప్యూటర్ మూలన ఎర్ర కాగితపు చుక్క అంటించాను. అది కనబడినప్పుడల్లా పెదవులు మూసి, పళ్లు విడిచి, భుజాలు వదులు చేయాలి. మొదటి రోజు ఎన్నిసార్లు బిగించానో లెక్కపెట్టబోయి మధ్యాహ్నానికే మానేశాను. పెన్సిలు కొరకడం మానడానికి మాత్రం ఇంకా ఎక్కువ రోజులు పట్టింది.

నొప్పి ఉన్నన్నాళ్లు మెత్తటివి తినండి, చూయింగ్ గమ్ వద్దు. వేడినీటిలో పిండిన తువ్వాలు పావుగంట చెంపకు ఆనించండి. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టండి. పళ్లు అరగదీస్తామనో, శస్త్రచికిత్స చేస్తామనో మొదటి రోజే అంటే తొందరపడకండి. అరిగిన పన్ను తిరిగి రాదు.

50 దాటాక కొత్తగా కణత నొప్పితో నమిలేటప్పుడు దవడ నొప్పి పుడితే, చూపు మసకబారితే, అదే రోజు వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మెట్లెక్కినప్పుడు వచ్చి, కూర్చుంటే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు.