వింత డిగ్రీకి అప్లై చేసేముందు సిప్ కోడ్ అడగండి

స్కాట్లాండ్‌లోని హెరియట్-వాట్ యూనివర్సిటీలో బ్రూయింగ్ అండ్ డిస్టిల్లింగ్ (బీరు, విస్కీ లాంటివి తయారుచేయడం), అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ప్యాకేజింగ్ (1952 నుంచీ ఉంది), కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో స్పేస్ రిసోర్సెస్. ఇలాంటివి నచ్చితే ముందు పేరు పక్కన పెట్టి సెమిస్టర్లవారీ సబ్జెక్టులు చూడండి. బ్రూయింగ్ అంటే రుచి చూడటం కాదు. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ప్రాసెస్ ఇంజనీరింగ్. కెమిస్ట్రీలో పట్టు లేనివాళ్లు అక్కడే తడబడతారు.

అమెరికా అయితే అసలు మెలిక సిప్ కోడ్‌లో ఉంది. ప్రతి కోర్సుకీ అది ఏ సబ్జెక్టు కిందికొస్తుందో చెప్పే ఈ ఆరంకెల కోడ్ ఉంటుంది, స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో అది కనిపిస్తుంది. ఆ కోడ్ అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్ల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటేనే ఆ డిగ్రీ మీద 12 నెలల ఓపీటీకి (చదువుకున్న రంగంలో అక్కడ పనిచేసే అనుమతికి) మరో 24 నెలల పొడిగింపు అడగొచ్చు. పేరులో ‘సైన్స్’ ఉంది కాబట్టి స్టెమ్ అయ్యుంటుందనుకోవడం మామూలు పొరపాటు. ఒకే పేరున్న కోర్సుకు రెండు యూనివర్సిటీలు వేర్వేరు కోడ్‌లు వాడొచ్చు కూడా. ఐ-20 చేతికొచ్చేదాకా ఆగొద్దు. డిపాజిట్ కట్టకముందే డిపార్ట్‌మెంట్‌కి ఈమెయిల్ పెట్టి కోడ్ రాతపూర్వకంగా తెప్పించుకోండి, జాబితాలో మీరే వెతికి సరిచూసుకోండి. చేరాక ఆ కోడ్ మార్చడం విద్యార్థి చేతిలో ఉండదు.