వెండి మిగ్‌కి రంగు కంటే ముందు అతుకు

దిల్‌సుఖ్‌నగర్‌లో కట్టుడు పళ్లు చేసే ల్యాబ్‌లో నా పని. ఇంటికొచ్చాక అదే రకం పనిముట్లతో 1/72 స్కేలు (అసలు దానిలో 72వ వంతు పొడవు) ప్లాస్టిక్ జెట్ మోడల్ కిట్లు అతికిస్తుంటాను. వాటిలో నాకు ఇష్టమైనది మిగ్-21 ఎఫ్ఎల్, మన వైమానిక దళం భాషలో టైప్ 77. ఈ విమానానికి బాడీ నాసిక్‌లో, ఇంజన్ కొరాపుట్‌లో తయారయ్యేవి. ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాల కోసం 1965లో మన బాలానగర్‌లోనే ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ డివిజన్ పెట్టారు.

1971 యుద్ధం నాటికి చాలా విమానాలకు ఆకుపచ్చ కామోఫ్లాజ్ వేశారు. అంతకు ముందువి నిగనిగలాడే లోహపు రంగులో ఉండేవి. మొదటిసారి చేసేవాళ్లు ఆకుపచ్చదే చేయండి, చిన్న గీతలుంటే అందులో కలిసిపోతాయి. వెండి రంగు దేన్నీ దాచదు, పైగా ఎత్తి చూపిస్తుంది. కాబట్టి అసలు పనంతా రంగు డబ్బా తెరవక ముందే.

ముక్కలను గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టండి. కాక్‌పిట్‌కి రష్యన్ విమానాల్లో కనిపించే నీలం కలిసిన ఆకుపచ్చ వేయండి. మీటర్ల ప్యానెల్ మధ్యలో నిలువుగా ఒక తెల్ల గీత ఉంటుంది, మర్చిపోవద్దు. విమానం గిరగిరా తిరుగుతూ పడిపోతుంటే పైలట్ స్టిక్‌ను ఆ గీతకు ఎదురుగా, నడిమధ్యకు తెచ్చుకోవాలి. బాడీ మూసేముందు ముక్కు కోన్‌లో గాలానికి కట్టే సీసం గుండ్లు అతికించండి, లేకపోతే తోక మీద కూర్చుంటుంది. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ఇక అతుకు. రెండు సగాలనూ కలిపి పట్టుకుని, ప్లాస్టిక్‌ను కరిగించి అతికే పల్చటి మోడల్ సిమెంట్‌ను బ్రష్‌తో గీత వెంట తాకించండి, అదే లోపలికి పాకుతుంది. మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి కట్టలా పైకి ఉబుకుతుంది. దాన్ని తుడవకండి. ఒక రోజు ఆరనిచ్చి లెక్రాన్ కార్వర్‌తో (మా ల్యాబ్‌లో మైనం చెక్కే చిన్న కత్తి) గీకి, 400, 800, 1500 నంబర్ల నీటితో రుద్దే గరుకు కాగితంతో వరసగా రుద్దండి. ఇంకా సందు ఉంటే వెండి రంగు కింద పుట్టీ కంటే ఫెవిక్విక్ నయం, పుట్టీ రంగును పీల్చుకుని మచ్చలా కనబడుతుంది. అయితే ఫెవిక్విక్‌ను అదే పూట రుద్దేయాలి, రోజులు గడిస్తే ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది. చెరిగిపోయిన ప్యానెల్ గీతలను పళ్ల ప్రోబ్ (సన్నటి మొన ఉన్న పనిముట్టు)తో టేపు అంచున మళ్లీ గీయండి. పళ్లను అరగదీసే మైక్రోమోటార్ జోలికి మాత్రం పోకండి, ఆ వేడికి ప్లాస్టిక్ ముద్దవుతుంది.

వెండి కింద నిగనిగలాడే నలుపు వేయాలి. నలుపు మీద గీత కనబడితే వెనక్కెళ్లి రుద్దాల్సిందే, దగ్గరి దారి లేదు. తర్వాత వెండి లక్కర్‌ను పొగ పట్టించినట్టు పల్చగా వేస్తూ పోండి. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో రంగు ఎయిర్‌బ్రష్ సూది మొన మీదే ఎండిపోతుంది, ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కొద్దిగా కలిపి పొద్దున్నే వేయండి. వానాకాలం తేమకు లక్కర్ తెల్లగా పాలిపోతుంది, ముసురు పట్టిన రోజు ఆ పని వాయిదా వేయడమే మంచిది. మాస్క్ పెట్టుకోండి, కిటికీ తీయండి, దుమ్ము లేపే సీలింగ్ ఫ్యాన్ మాత్రం ఆపేయండి. తోక దగ్గర, ఇంజన్ వేడి తగిలే చోట, వెండిలో కాస్త ముదురు బూడిద కలపండి.

ఉపరితలం నున్నగానే ఉంది కాబట్టి డెకాల్స్ (నీటిలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు) నేరుగా అంటుకుంటాయి. వైమానిక దళం గుర్తైన గుండ్రటి చక్రానికి బయట కాషాయం, మధ్యలో ఆకుపచ్చ. డెకాల్స్‌ను మెత్తబరిచే ద్రావకాన్ని ముందు కడుపు కింద ఒక చుక్క వేసి చూడండి, కొన్ని వెండి రంగులు దానికి చెదురుతాయి. పైన మ్యాట్ వార్నిష్ వేస్తే ఇంత శ్రమా బూడిదలో పోసినట్టే.

క్యానపీని, అంటే కాక్‌పిట్ మీది అద్దపు మూతను ఫెవికాల్‌తో అతికించండి, ఫెవిక్విక్ ఆవిరికి అద్దం తెల్లబడుతుంది. ముక్కు దగ్గర పిటాట్ గొట్టానికి (విమాన వేగం కొలిచే సన్నటి గొట్టం) కిట్‌లో ఇచ్చిన పుల్ల లావుగా ఉంటుంది. దాని బదులు వాడని 27 గేజ్ ఇంజెక్షన్ సూదిని కావలసినంత పొడవు ఉండేలా కోసి, మొన అరగదీసి పెట్టండి. ఇది అన్నిటికన్నా చివర్లోనే, ముందే పెడితే చొక్కా చేతికి తగిలి ఊడొస్తుంది.