సొంతంగా చిన్న వెబ్ హోస్టింగ్ వ్యాపారం ఎలా మొదలుపెట్టాలి?

ఒంగోలు, చీమకుర్తి పరిసరాల్లో గ్రానైట్ ఎగుమతిదారులకూ కోచింగ్ సెంటర్లకూ వెబ్‌సైట్లు చేసిపెట్టేవారిలో చాలామంది, సర్వర్ ఆగిన ప్రతిసారీ హోస్టింగ్ కంపెనీకి టికెట్ (ఫిర్యాదు) పెట్టి, ‘మా ఇంజనీర్లు పరిశీలిస్తున్నారు’ అన్న ఒకే జవాబును రోజంతా చదివి విసిగి, చివరకు హోస్టింగ్ (సైట్లను సర్వర్‌లో ఉంచి నడిపే సేవ) కూడా తామే ఇవ్వాలని నిశ్చయించుకుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. పని చెడేది మాత్రం మొదటి ఖాతాదారుణ్ణి పాత చోటి నుంచి తెచ్చుకునే రాత్రే. అందుకే తక్కిన దశలను ఇక్కడ త్వరగా ముగిస్తాను.

చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యం నమోదు ఉచితం, దళారికి పైసా ఇవ్వనక్కరలేదు. సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటేవరకు జీఎస్టీ తప్పనిసరి కాకపోయినా, ఎగుమతి సంస్థలు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటిపై కట్టిన పన్నును సర్దుకోవడం) కోసం జీఎస్టీ బిల్లే అడుగుతాయి కనుక మొదటి రోజే నమోదు చేసుకోవాలి. రీసెల్లర్ ప్లాన్ (వేరే కంపెనీ సర్వర్‌లో చోటు కొని తిరిగి అమ్మడం) తీసుకోవద్దు. సర్వర్ ఆగినప్పుడు మీరు కూడా అదే టికెట్ పెట్టి అదే జవాబు చదవవలసి వస్తుంది. ముంబయి డేటా సెంటర్‌లో 4 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (పెద్ద సర్వర్‌లో మీకు వేరుగా కేటాయించిన భాగం) ఒకటి, దానిపై అల్మాలైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, బ్యాకప్‌కు వేరే కంపెనీ దగ్గర కొంత చోటు ఉంటే చాలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను (సర్వర్‌లో జరిగినవాటి నమోదులను) 180 రోజులు భద్రపరచాలి కాబట్టి ఆ అమరిక మొదట్లోనే చేయండి.

ప్యానెల్ (సర్వర్‌లోని ఖాతాలను నడిపే సాఫ్ట్‌వేర్) విషయంలో నా మాట సీప్యానెల్. 2019లో ఖాతాల సంఖ్యను బట్టి లైసెన్సు రుసుము పెట్టినప్పటి నుంచి అది చిన్నవారికి భారమైందన్నది నిజమే. అయినా పాత ప్రొవైడరు దగ్గర కూడా అదే ఉంటే ఫైళ్లు, డేటాబేసు, మెయిల్ అన్నీ ఒకే మూటగా వస్తాయి. ఉచిత ప్యానెల్‌తో వాటిని విడివిడిగా తెచ్చుకుని రెండు రాత్రులు పోగొట్టుకున్నవారు మిగుల్చుకున్నదేమిటో నాకు అర్థం కాదు. సర్వర్‌కు వచ్చిన ఐపీ చిరునామా స్పామ్ పంపే చిరునామాలను ప్రకటించే స్పామ్‌హాస్ జాబితాలో ఉందేమో చూసి, ఉంటే వెంటనే మార్పించుకోండి. డొమైన్ పేరుకు ఐపీని చెప్పేది డీఎన్ఎస్; ఐపీ నుంచి పేరును చెప్పే రివర్స్ డీఎన్ఎస్ కూడా అప్పుడే పెట్టించాలి.

ఇక తరలింపు. దీనిని శనివారం రాత్రి తప్ప చేయకూడదు, ఎందుకంటే ఏదైనా పొరపాటు జరిగితే సర్దుకోవడానికి ఆదివారం ఉంటుంది. ఎక్కువమంది కొత్త సర్వర్‌లో ఖాతా తెరిచి, నేరుగా నేమ్‌సర్వర్లు (డొమైన్ డీఎన్ఎస్ వివరాలను చెప్పే సర్వర్లు) మార్చి, ‘ఇరవై నాలుగు గంటలు ఆగండి’ అని ఖాతాదారుకు చెప్పి పడుకుంటారు. డాట్ కామ్ డొమైన్లకు నేమ్‌సర్వర్ వివరాల టీటీఎల్ (ఇతర సర్వర్లు పాత జవాబును గుర్తుంచుకునే సమయం) 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజులు. అంతసేపూ కొన్ని మెయిళ్లు పాత సర్వర్‌కూ కొన్ని కొత్తదానికీ చేరుతుంటాయి. అందుకని రెండు రోజుల ముందే పాత డీఎన్ఎస్‌లో ఏ (వెబ్‌సైట్ ఏ సర్వర్‌లో ఉందో చెప్పేది), ఎమ్మెక్స్ (మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పేది) రికార్డుల టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గించండి. శనివారం రాత్రి ఖాతా కాపీ అయ్యాక పాత డీఎన్ఎస్‌లోనే ఆ రెండు రికార్డులనూ కొత్త సర్వర్ వైపు తిప్పండి. ఆ డొమైన్ పేరుతో మెయిల్ పంపదగిన సర్వర్లను చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో కొత్త ఐపీని చేర్చండి. కొత్త సర్వర్‌లోని డీఎన్ఎస్ వివరాలు కూడా అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉన్నాయని చూసుకున్న తరువాతే నేమ్‌సర్వర్లు మార్చాలి. అప్పుడు ఎవరు ఏ డీఎన్ఎస్‌ను అడిగినా ఒకే జవాబు వస్తుంది. మరునాడు మెయిల్‌బాక్స్‌ను ఒక సర్వర్ నుంచి మరొకదానికి కాపీ చేసే ఐమ్యాప్‌సింక్‌ను ఒకసారి నడిపితే, మధ్యలో పాత మెయిల్‌బాక్స్‌లో పడినవి కూడా వచ్చేస్తాయి.

ఇన్ని చేసినా ఒక చిక్కు మిగులుతుంది, నేను దానిని నష్టపోయి నేర్చుకున్నాను. చీమకుర్తి ఖాతాదారు ఒకరిని తరలించిన వారానికి ఆయన ఫోన్ చేసి, ‘ఇటలీ నుంచి మెయిళ్లు వస్తున్నాయి గానీ, ఒంగోలులో ఉన్న మా ఆడిటర్‌గారివి రావడం లేదండీ’ అన్నారు. నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీకి గడువు 20వ తేదీ, ఆ రోజు 18. ఆడిటర్‌గారి డొమైన్ కూడా అదే పాత సర్వర్‌లో ఉంది. ఆ సర్వర్ మా ఖాతాదారు డొమైన్‌ను ఇంకా తనదిగానే లెక్కపెట్టుకుంటూ, బయటి ఎమ్మెక్స్‌ను అడగకుండా, ఆ మెయిళ్లను తన దగ్గరి పాత మెయిల్‌బాక్స్‌లోనే వేసుకుంటూ ఉంది. పంపినవారికి తిరుగు మెయిల్ కూడా రాదు.

కాబట్టి రికార్డులు తిప్పిన వెంటనే, పాత సీప్యానెల్‌లో ‘ఈమెయిల్ రూటింగ్’ తెరిచి ‘రిమోట్ మెయిల్ ఎక్స్ఛేంజర్’ ఎంచుకోండి. మీ సర్వర్‌లోనూ ఇదే జరుగుతుంది: ఎమ్మెక్స్ తిప్పకముందే అక్కడ ఖాతా తెరిచి ఉంచితే, మీ మిగతా ఖాతాదారులు ఆ డొమైన్‌కు పంపే మెయిళ్లు ఇంకా ఎవరూ తెరవని మెయిల్‌బాక్స్‌లో పడతాయి. అందుకే తిప్పేవరకు మీ వైపు కూడా రిమోట్‌గానే ఉంచి, తిప్పిన క్షణంలో లోకల్‌కు మార్చాలి. పరీక్ష మెయిల్‌ను జీమెయిల్ నుంచి పంపి తృప్తిపడవద్దు, పాత సర్వర్‌లోనే ఉన్న మరొకరి చేత పంపించండి.

పాత ఖాతాను పదిహేను రోజులు అలాగే ఉంచి, ఆ తరువాతే రద్దు చేయించండి. డొమైన్ ఎప్పుడూ ఖాతాదారు పేరు మీదే ఉండాలి. ‘అన్‌లిమిటెడ్’ అన్న మాట ధరల పట్టికలో రాయకండి. 4 జీబీ సర్వర్‌కు ముప్పై ఖాతాలు హద్దు. ముప్పై ఒకటో ఖాతాదారు వస్తే ఆయన అడ్వాన్సుతో రెండో సర్వర్ తీసుకోండి.