సైబర్ సెక్యూరిటీ చదవడం ఎలా? సొంత ల్యాబ్ నుంచి పరిశోధన దాకా

సైబర్ సెక్యూరిటీ అనగానే భద్రతా పరీక్షల టూల్స్‌తో వచ్చే కాలీ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను దించుకుని, వీడియో చూస్తూ కమాండ్లు కొట్టడంతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. రెండు నెలలకు ఇరవై టూల్స్ పేర్లు నోటికొస్తాయి. ఆ టూల్ నెట్‌వర్క్‌లోకి పంపిన ప్యాకెట్‌లో, అంటే చిన్న డేటా ముక్కలో, ఏముందని అడిగితే మాత్రం జవాబుండదు. అసలు సరుకంతా ఆ ప్యాకెట్‌లోనే ఉంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలోనో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో, చిత్తూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లోనో బీటెక్, ఎంసీఏ, ఎంటెక్ చదువుతున్నవాళ్లు ఒక సెమిస్టర్‌లో పట్టు తెచ్చుకోవడానికి ఇదీ క్రమం.

1. ముందు కాగితం, పెన్ను

మొదటి నెల నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకాలు మళ్లీ తీయండి. రెండు కంప్యూటర్ల మధ్య టీసీపీ కనెక్షన్ మూడు ప్యాకెట్లతో ఎలా మొదలవుతుందో బొమ్మ గీయగలగాలి. సీ భాషలో పాయింటర్లు, స్టాక్ తెలియకపోతే కేటాయించిన మెమరీ దాటి డేటా పొర్లే బఫర్ ఓవర్‌ఫ్లో గురించి ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఈ పాఠాలన్నీ ఉచితమే.

సందేశాలను గుప్తంగా పంపే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని ఒక్కసారైనా చేత్తో చేయండి. 3, 11 అనే ప్రధాన సంఖ్యలు తీసుకోండి. వాటి లబ్ధం 33. ఒక్కోదానిలో ఒకటి తగ్గించి గుణిస్తే, రెండును పదితో, 20. పబ్లిక్ కీ 3 అనుకుంటే ప్రైవేట్ కీ 7, ఎందుకంటే 3, 7 గుణిస్తే వచ్చే 21ని 20తో భాగించినప్పుడు శేషం 1. ఇప్పుడు 4 అనే సందేశాన్ని దాచాలి. నాలుగు ఘనం 64, దాన్ని 33తో భాగిస్తే శేషం 31. పంపేది ఇదే. అవతలివాళ్లు 31ని ఏడో ఘాతానికి పెంచి 33తో భాగిస్తే మళ్లీ 4 వస్తుంది. 33ని చూడగానే 3, 11 అని ఎవరైనా విడగొట్టేస్తారు. వాడుకలో ఉన్న కీ 2048 బిట్లు ఎందుకుంటుందో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

2. ల్యాప్‌టాప్‌లోనే ల్యాబ్

8 జీబీ ర్యామ్, 60 జీబీ ఖాళీ స్థలం చాలు. కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ పెట్టుకుని అందులో రెండు మెషీన్లు నడపండి. ఒకటి కాలీ, దానికి 2 జీబీ ర్యామ్. రెండోది మెటాస్ప్లాయిటబుల్ 2, కావాలనే లోపాలతో తయారుచేసిన లినక్స్. దానికి 512 ఎంబీ సరిపోతుంది. ఇది డిస్క్ ఫైల్‌గా వస్తుంది కాబట్టి కొత్త మెషీన్ చేసేటప్పుడు ఉన్న డిస్క్‌నే వాడమని ఎంచుకోవాలి. మెషీన్ అసలు స్టార్ట్ కాకపోతే ముందు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

కాలీ ఫైల్ దించాక ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్, అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటి కోడ్, తీసి, సైట్‌లో ఇచ్చిన 64 అక్షరాలతో పోల్చండి. ఈ పని ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

నెట్‌వర్క్ సెట్టింగే అన్నిటికంటే ముఖ్యం. రెండు మెషీన్లకూ హోస్ట్ ఓన్లీ అడాప్టర్ పెట్టండి, అప్పుడు అవి మీ ల్యాప్‌టాప్ దాటి బయటకు కనిపించవు. పొరపాటున బ్రిడ్జ్‌డ్ పెడితే ఆ లోపాల మెషీన్ హాస్టల్ వైఫైలో అందరి ముందూ తలుపులు బార్లా తెరుచుకుని కూర్చుంటుంది. కాలీని అప్‌డేట్ చేయాలంటే కాసేపు ఇంటర్నెట్ ఇచ్చే న్యాట్‌కు మార్చి, పని కాగానే వెనక్కి తెచ్చేయండి. అంతా కుదిరాక స్నాప్‌షాట్ తీసి పెట్టుకుంటే ఏం చెడగొట్టినా నిమిషంలో మొదటికి రావచ్చు.

3. కళ్లతో చూడటం

కాలీలో ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ తెరిచి క్యాప్చర్ మొదలుపెట్టండి. బ్రౌజర్‌లో మెటాస్ప్లాయిటబుల్ ఐపీ అడ్రస్ కొట్టి, డీవీడబ్ల్యూఏ అనే సాధన సైట్‌లోకి లాగిన్ అవ్వండి. యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా ఇంగ్లిష్‌లో పాస్‌వర్డ్ అనే పదమే. క్యాప్చర్ ఆపి, ఫిల్టర్ పెట్టెలో హెచ్‌టీటీపీ అని రాసి, పోస్ట్ అని కనిపించే వరుసను తెరవండి. అడుగున మీరు కొట్టిన పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. డేటాను గుప్తపరిచే హెచ్‌టీటీపీఎస్ లేకపోతే ఏమవుతుందో ఎంత చదివినా ఈ ఒక్క వరుస చూసినట్టు ఉండదు.

తర్వాత తెరిచి ఉన్న పోర్టులను, అంటే సర్వీసుల ద్వారాలను, వెతికే ఎన్‌మ్యాప్‌తో సర్వీస్ వెర్షన్లు చూడండి. 21వ పోర్టులో వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 అనే ఫైల్ సర్వర్ కనిపిస్తుంది. 2011లో ఈ సాఫ్ట్‌వేర్ దించుకునే ఫైల్‌ను ఎవరో మార్చేశారు. యూజర్ పేరులో నవ్వు ముఖం గుర్తు, అంటే కోలన్, మూసే బ్రాకెట్, కొడితే 6200 పోర్టులో రూట్, అంటే పూర్తి, అధికారంతో తలుపు తెరుచుకుంటుంది. డిజిటల్ సంతకం సరిచూసుకున్నవాళ్లకు తేడా అప్పుడే తెలిసిపోయేది. ఇందాక హ్యాష్ పోల్చమన్నది ఇందుకే.

4. గీత ఎక్కడుంది

ఈ ప్రయోగాలన్నీ సొంత మెషీన్ల మీదే. కాలేజీ సర్వర్ అయినా, పక్క గది వైఫై అయినా రాతపూర్వక అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి, స్కాన్ కూడా చేయకండి. ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. "నేర్చుకోవడానికే చేశాను" అన్న మాట అక్కడ పనికిరాదు. ఎక్కడైనా లోపం కంటపడితే అక్కడితో ఆగి, ఆ సంస్థకో, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్‌కో తెలియజేయండి.

5. పరిశోధన

పేపర్ చదివేటప్పుడు ముందు సారాంశం, తర్వాత దాడి చేసేవాడికి ఏ శక్తులున్నాయని అనుకున్నారో ఆ భాగం, ఆ తర్వాతే ఫలితాల పట్టికలు. దాడి చేసేవాడి గురించి స్పష్టంగా చెప్పని పేపర్‌ను మా లెక్కలో పక్కన పెట్టేయొచ్చు. నచ్చిన ఒక పేపర్ ఫలితాన్ని మీరే తిరిగి రాబట్టండి.

ప్రాజెక్టుల్లో పదేపదే కనిపించే తప్పు ఒకటుంది. నెట్‌వర్క్ దాడులను గుర్తించే మోడళ్ల కోసం ఇచ్చిన కేడీడీ కప్ 99 డేటా తీసుకుని, మెషీన్ లెర్నింగ్ మోడల్ నడిపి, 99 శాతం కచ్చితత్వం అని రాసేస్తారు. ఆ శిక్షణ డేటాలో దాదాపు 78 శాతం రికార్డులు నకళ్లే. అందుకే 2009లో వాటిని ఏరేసి ఎన్‌ఎస్‌ఎల్ కేడీడీ తెచ్చారు. అయినా ఆ ట్రాఫిక్ 1998 నాటిది. నకళ్లు లేని డేటా దొరికినా 99 శాతం గొప్పేం కాదు. లక్ష కనెక్షన్లలో పది దాడులున్నాయనుకోండి. మోడల్ వంద మంచివాటిలో ఒకదాన్ని దాడి అని పొరబడినా దాదాపు వెయ్యి తప్పుడు హెచ్చరికలు వస్తాయి. అసలు దాడులు మాత్రం పదే. కాబట్టి తప్పుడు హెచ్చరికలెన్నో కూడా రాయాలి.

అంశం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. తిరుమల దర్శనం, గదుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు భక్తులను మోసం చేస్తున్నాయని టీటీడీ పలుమార్లు హెచ్చరించింది. అసలు సైట్ పేరు ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ముగుస్తుంది. చుక్కల చోట హైఫన్లు పెట్టి అచ్చం అలాగే కనిపించే పేరును వేరే చివరతో ఎవరైనా కొనుక్కోవచ్చు, దానికి తాళం గుర్తు కూడా ఉచితంగా తెచ్చుకోవచ్చు. ఆ తాళం కనెక్షన్ గుప్తంగా ఉందని మాత్రమే చెబుతుంది, అవతలివాడు నిజాయితీపరుడని కాదు. అయితే ఆ తాళం కోసం సర్టిఫికెట్లు తీసుకుంటే ఆ పేర్లు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగ్స్ అనే బహిరంగ జాబితాల్లోకి ఎక్కుతాయి, వాటిని ఎవరైనా వెతకొచ్చు. టీటీడీని పోలిన పేర్లు వారానికి ఎన్ని వస్తున్నాయి, సర్టిఫికెట్ తీసుకున్న ఎన్ని రోజులకు పేజీ తెరుచుకుంటోంది, పేరులో ఏ మార్పు ఎక్కువ? మూడు నెలలు ఓపిగ్గా నమోదు చేస్తే మంచి థీసిస్ అవుతుంది.

అనుమానం ఉన్న పేజీని స్నాప్‌షాట్ తీసిన వర్చువల్ మెషీన్‌లోనే తెరవండి. ఫారాలు నింపకండి, డబ్బు కట్టకండి. స్క్రీన్‌షాట్‌తో పాటు తేదీ, సమయం, ఫైల్ హ్యాష్ అదే రోజు రాసిపెట్టుకోండి. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎదురైతే ముందు వాళ్లచేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, మీ ప్రశ్నలు ఆ తర్వాత.