లోగుట్టు మనకూ ఎరుకే – మూడో పాఠం: గడ్డిపరక దగ్గర ఆగండి

పోయిన పాఠంలో గౌతముడి కథని మూడు వాక్యాల్లో రాయమన్నాను కదా. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఇవాళ ఆ కథ లోపలి అర్థం ఎలా వెతకాలో చూద్దాం.

రాయనివాళ్ళ కోసం గబగబా చెప్పేస్తాను. కరువొచ్చింది. గౌతముడి ఆశ్రమంలో మాత్రం పైరు పండుతోంది, మిగతా మునులంతా అక్కడే తిని బతికారు. కొన్నాళ్ళకి వాళ్ళకే కన్నుకుట్టింది, ఒక మాయ గోవు ఆయన చేలో పడేలా చేశారు. పైరు మేస్తుంటే గౌతముడు దర్భపుల్లతో అదిలించాడు, అది కాస్తా పడి చచ్చిపోయింది. గోహత్య చేశావన్నారు. ఆయన తపస్సు చేసి, శివుణ్ణి మెప్పించి గంగను రప్పించాడు, అదే మన గోదారి. కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి ఆ పేరు ఈ ఆవు వల్లే వచ్చిందంటారు.

ఇప్పుడు దీని లోపలి అర్థం చెప్పమంటే చాలామంది వెంటనే "ఆవంటే అహంకారమండీ, దర్భంటే జ్ఞానమండీ" అనేస్తారు. వద్దు. ఏ కథకైనా అతికే అర్థం ఈ కథది కాదు. రేపు కుందేలు, తాబేలు కథ ఇచ్చినా ఇవే మాటలు చెప్పొచ్చు, నాకు అలాంటి ప్రవచనాలంటే మహా విసుగు.

కథ నడవడానికి అక్కర్లేకపోయినా కథలో ఉన్నదేమిటో వెతకండి. గంగ రావాలంటే గౌతముడికి ఏదో పాపం తగలాలి, అంతవరకు సరే. దానికి దుడ్డుకర్ర చాలు, కోపమొచ్చి బాదాడంటే ఇంకా బాగా నమ్ముతాం. మరి గడ్డిపరకే ఎందుకు? దెబ్బ ఎంత తేలికైతే నింద అంత బరువుగా కనిపిస్తుంది కాబట్టి. పైగా ఆవు మాయది, నింద వేసినవాళ్ళేమో ఆయన చేతి అన్నం తిన్నవాళ్ళు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి: పెట్టినవాడిలో ఏదో ఒక తప్పు దొరికితే తప్ప, తిన్నవాళ్ళకి ఆ తిండి అరగట్లేదు.

ఇంకోటి. మనం ఏ ముక్కని చదవకుండా దాటేశామో కూడా చూసుకోవాలి. పందెం కాస్తాను, మీలో సగం మంది మూడు వాక్యాల్లో "కరువు" ఉండదు. కాలవగట్టున పుట్టినవాళ్ళకి గోదారంటే వరద భయమే గానీ కరువు ఊహకి కూడా రాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యేదాకా ఈ డెల్టా ముంపూ చూసింది, ఎండూ చూసింది. ఆకలిని కథలోంచి తీసేస్తే మునులది ఉత్తి దుర్మార్గం. ఉంచి చదివితే, రోజూ పూటకి ఒకరి వాకిట్లో నిలబడ్డ మనిషి పడే అవమానం కనిపిస్తుంది.

ఇదే కిటుకు మన ఆలోచనల మీద కూడా పనిచేస్తుంది. "మావయ్యగారికి ఈమధ్య బాగా పొగరెక్కింది" అని మీకు అనిపించిందనుకోండి. ఆధారం? లాకుల దగ్గర బండి మీద ఎదురై కూడా ఆగకుండా వెళ్ళిపోయారు. అంతేనా? అంతే. ఆధారమేమో గడ్డిపరకంత, తీర్పేమో గోహత్యంత. అలా పొంతన లేని చోట ఆగి, ఆయన దగ్గర నేనేం తిన్నాను అని మిమ్మల్ని మీరే అడగండి. మీ ఇంజనీరింగ్ ఫీజు ఆయన కట్టారు, మీరింకా తీర్చలేదు, అందుకే ఆయన బండి కనబడితే మీకు టెన్షన్. ఆయన్ని పొగరుబోతుని చేసేస్తే బాకీ కాస్త చిన్నదైనట్టు ఉంటుంది మరి. అలాగని ప్రతి ఆలోచన వెనకా ఏదో గూడుపుఠాణీ ఉందనుకోకండి. మావయ్యగారికి నిజంగానే పొగరెక్కి ఉండొచ్చు. ఆధారమూ తీర్పూ సరితూగితే అక్కడితో వదిలేయండి.

ఇక ఇంటిపని. అంతర్వేది స్థలపురాణం తీసుకోండి. రక్తవిలోచనుడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుడతారని వరం, నరసింహస్వామి మాయాశక్తి చేత ఆ నెత్తురు నేల మీద పడకుండా ఆపించి వాణ్ణి చంపాడు. రాక్షసుడి బలం చెప్పడానికి కొండలూ ఏనుగులూ ఉండగా ఇసుక లెక్క ఎందుకు పెట్టారు? అంతర్వేదిలో గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఒకసారి నిలబడ్డవాళ్ళకి సగం జవాబు దొరికినట్టే. దాంతోపాటు ఈ వారం ఎవరి మీదైనా చిరాకొస్తే ఆధారం ఒక పక్కన, తీర్పు ఒక పక్కన రాయండి. పేర్లు మాత్రం వద్దు, ఇంట్లో ఎవరైనా చూస్తే గొడవ.

వచ్చే పాఠం "పుస్తెలమ్మైనా పులస తినాలి" అనే సామెత మీద. ఈలోపు, ఆ మాట మొదట అన్నది పుస్తెలున్న మనిషేనా అని ఆలోచించి పెట్టుకోండి.