మన సినిమా ఊరు దాటాలంటే - 3వ పాఠం: సబ్‌టైటిల్ రాయడం

పోయిన పాఠంలో సౌండ్ గురించి చెప్పుకున్నాం, డైలాగుల ట్రాక్ వేరు, మ్యూజిక్ వేరు, మిగతా శబ్దాలు వేరుగా దాచుకోమన్నాను, రేపు ఎవరైనా వేరే భాషలో డబ్బింగ్ చెప్పిస్తామంటే డైలాగు లేని ట్రాక్ ఇవ్వాలి కదా. అది ఇంకా చెయ్యకపోయినా పర్లేదు, ఇవాళ్టి పాఠానికి నోట్‌ప్యాడ్ ఉంటే చాలు.

ముందు ఒక విషయం చెప్తాను. నేను వైజాగ్ పెదజాలారిపేటలో 14 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఒకరికి డబ్బులిచ్చి చేయించాను. మా పక్క వాటాలో నేవీలో పనిచేసే యూపీ ఆయన ఉండేవారు, కూర్చోబెట్టి చూపించాను. చాలా శ్రద్ధగా చూశారాయన, అయిపోయాక మెల్లగా అడిగారు, ఆ అమ్మాయి సొంత అన్నయ్యని ఎందుకు పెళ్లి చేసుకుంటానంటోంది అని. చూస్తే సినిమా మొత్తం ఆ పిల్ల "బావా" అన్న ప్రతిచోటా కింద "బ్రదర్" అని పడింది! పధ్నాలుగు నిమిషాలూ ఆయన చూసింది వేరే కథ. ఆ రోజు నుంచి నా సబ్‌టైటిల్స్ నేనే రాసుకుంటున్నాను, మిమ్మల్ని కూడా నేర్చుకోమని ఇంతలా చెప్పేది అందుకే.

బావ అనే మాటకి సరైన మాట వెతక్కండి, దొరకదు. ఇంగ్లీష్‌లో కజిన్ అంటే మనం చెప్పాలనుకున్న చనువు పోతుంది, హిందీలో జీజా అంటే అక్క మొగుడైపోతాడు, అది ఇంకా ప్రమాదం. మరేం చెయ్యాలి? ఆ మాట అక్కడ ఏం పని చేస్తోందో చూడాలి. నా సినిమాలో తండ్రికి ఒక డైలాగు ఉంది, "మా అక్కకి మాటిచ్చేశాను" అని. అక్కడ "అక్క కొడుక్కే నా కూతుర్నిస్తానని మాటిచ్చాను" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీష్‌లో రాశాను, దాంతో చుట్టరికం ఒక్కసారి తెలిసిపోయింది. మిగతా చోట్ల "బావా" అన్నప్పుడల్లా ఆ అబ్బాయి పేరు వేశాను, అంతే. పిల్ల గొంతులో ఉన్న ప్రేమ ఎలాగూ వినపడుతుంది, దాన్ని మళ్లీ కింద రాయక్కర్లేదు.

ఇప్పుడు కొలతలు. ఇంగ్లీష్‌కి ఒక లైన్‌లో 42 అక్షరాలు దాటకుండా, తెర మీద ఒకేసారి రెండు లైన్లు దాటకుండా చూస్కోండి. చదివే స్పీడుకి మొదట్లో సెకనుకి 15 అక్షరాలు లెక్కేసుకోండి, ఖాళీలు కూడా కలిపే. మనవాళ్లు గబగబా మాట్లాడతారు కదా, ఇబ్బందంతా ఇక్కడే. హాస్టల్ నుంచి వచ్చిన మనవణ్ణి చూసి నానమ్మ "తిన్నావా నేదా, మొకం సూడు ఎలా పీక్కుపోనాదో, ఆ హాస్టల్లో ఏటెడతన్నారో ఏటో" అని మూడు సెకన్లలో అనేసింది అనుకోండి. మొత్తం ఇంగ్లీష్‌లో పెడితే వంద అక్షరాలకి దగ్గరవుతుంది, మనకున్నది 45. అందుకని "డిడ్ యూ ఈట్? యూ లుక్ సో థిన్." అని రాస్తాం, 30 అక్షరాలు, ఇంకా ఊపిరాడుతుంది. హాస్టల్ సంగతి వదిలేశాం కదా అంటారేమో, తర్వాత షాట్‌లో వాడి చేతిలో ట్రంకు పెట్టె కనపడితే వదిలేయొచ్చు, కనపడకపోతే మాత్రం హాస్టల్ ఉంచి మొహం సంగతి తీసెయ్యండి, ఎందుకంటే మొహం కెమెరాలో ఎలాగూ కనపడుతోంది. బొమ్మ చెప్పేది బొమ్మకే వదిలెయ్యండి.

ఫైలు సంగతి తేలికే, సబ్‌టైటిల్స్‌ని టైముతో సహా రాసే మామూలు టెక్స్ట్ ఫైల్‌నే ఎస్‌ఆర్‌టీ అంటారు. ఎస్‌ఆర్‌టీ ఫైల్‌లో ముందు నంబరు, కింద మొదలయ్యే టైము, బాణం గుర్తు, అయిపోయే టైము, దాని కింద డైలాగు, తర్వాత ఒక ఖాళీ లైను. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) పెట్టండి, లేకపోతే హిందీ అక్షరాలు చాలాసార్లు పిచ్చి గుర్తులైపోతాయి. టైమింగ్ చేత్తో కొట్టడం కష్టమనిపిస్తే సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది.

యాస గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లు సినిమా బయటికెళ్లాలంటే యాస తీసెయ్యాలేమో అని భయపడతారు, అస్సలు వద్దు. 2021 డిసెంబరులో వచ్చిన పుష్ప చూడండి, అది చిత్తూరు యాస. "తగ్గేదే లే"ని మాటకి మాట హిందీలో పెడితే ఏదో ధర తగ్గించట్లేదు అన్నట్టుంటుంది. హిందీ డబ్బింగ్ రాసినవాళ్లు తగ్గడం వదిలేసి వంగడం పట్టుకున్నారు, "మై ఝుకేగా నహీ" అన్నారు. హిందీ వ్యాకరణం ప్రకారం "ఝుకూంగా" అనాలి, కావాలనే తప్పు పెట్టారు, ఆ తప్పులోనే వాడు చదువుకోని కూలీ అని తెలిసిపోయింది, హిందీలో హీరోకి డబ్బింగ్ చెప్పిన శ్రేయస్ తల్పడే గొంతు దానికి తోడైంది. అంటే యాస పోలేదు, వేరే భాషలో ఇంకో దారిలో వచ్చింది. సబ్‌టైటిల్‌లో కూడా అంతే, పొట్టి వాక్యాలు, మామూలు మాటలు వాడండి, పుస్తకం ఇంగ్లీష్ పెట్టకండి.

పెద్ద సినిమాలకి ఇంకో బలం కూడా ఉందిలెండి, బాహుబలికి 2015లో హిందీలో కరణ్ జోహార్ లాంటి పేరున్న మనిషి ముందు నిలబడ్డారు, అంతకుముందు నుంచే టీవీలో మన డబ్బింగ్ సినిమాలు చూసీ చూసీ ఉత్తరాదివాళ్లకి మన హీరోలు అలవాటయ్యారు. అదంతా మన చేతిలో లేదు. కానీ మన వైజాగ్, భీమిలి తీరంలోనే తీసిన మరోచరిత్ర 1978లో డబ్బింగ్ కూడా లేకుండా తెలుగులోనే మద్రాసులో 596 రోజులు ఆడింది. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, ఒకరి భాష ఒకరికి రాకపోవడమే అందులో కథ. బాలచందర్ గారే 1981లో హిందీలో మళ్లీ తీసినప్పుడు తెలుగు అమ్మాయి బదులు హిందీ అమ్మాయిని పెట్టారు, ఆ ముడి మాత్రం అలాగే ఉంచారు. నేను ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసార్లు చూశాను, భాష రానివాడికి ఏ సీన్లు అందుతాయో అక్కడే నేర్చుకున్నాను.

ఇక ఈ వారం పని. మీ సినిమాలోంచి రెండు నిమిషాల సీను తీసుకోండి, మాటలు ఎక్కువున్నది. ఎస్‌ఆర్‌టీ రాయండి. తర్వాత తెలుగు రాని మనిషికి చూపించండి, మనకి అలాంటి మనుషుల్ని వెతుక్కుంటూ ముంబై వెళ్లాల్సిన పని లేదు, నేవీ క్వార్టర్స్‌లో ఉన్నారు, ఉక్కునగరంలో ఉన్నారు, రైల్వే కాలనీలో ఒడియావాళ్లు బోలెడుమంది. చూస్తున్నంతసేపూ మీరు తెర వైపు చూడకండి, వాళ్ల కళ్లు చూడండి. కళ్లు కిందే ఉండిపోయి పైకి రావట్లేదంటే ఆ లైను పెద్దదైపోయిందన్నమాట, ఆ టైము రాసిపెట్టుకోండి. అయ్యాక "బాగుందా" అని అడక్కండి, "ఎవరు ఎవరికి ఏమవుతారు" అని అడగండి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకుని ఉంచండి, నాలుగో పాఠంలో ఆ కాగితంతోనే మొదలుపెడతాం.