యుద్ధస్మృతుల సేకరణ – నాలుగవ పాఠం: పతకం అంచు, రెండు రకాల చిలుము

పాత సామాన్ల అంగడిలో బేరం మొదలుపెట్టే ముందు అమ్మేవారిని ఏమేమి అడగాలో గత పాఠంలో చెప్పుకున్నాము. కొన్న వస్తువు ఇంటికి చేరిన తరువాత మొదటి గంటలో ఏమి చేయాలో, ముఖ్యంగా ఏమి చేయకూడదో, ఈ పాఠంలో నేర్చుకుందాము. నేను చెన్నైలో, కిటికీ తెరిస్తే సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఉంటున్నాను కనుక తేమ, ఉప్పు అనే రెండు మాటలు ఈ పాఠంలో తరచుగా వస్తాయి. కర్నూలులోనో హైదరాబాదులోనో ఉన్నవారికి ఈ బాధ కొంత తక్కువ. విశాఖ, కాకినాడ వారు మాత్రం ప్రతి మాటనూ తమకే చెప్పినట్టు తీసుకోవచ్చు.

అభ్యాసానికి మొదటి ప్రపంచయుద్ధపు విక్టరీ మెడల్‌ను ఎంచుకున్నాను. ఆ యుద్ధంలో విదేశీ రణరంగానికి వెళ్ళిన సిపాయికి మామూలుగా రెండు పతకాలు జంటగా వచ్చేవి. ఒకటి వెండితో చేసిన బ్రిటిష్ వార్ మెడల్, రెండవది కంచుతో చేసిన విక్టరీ మెడల్. 1914లోనో 1915లోనో రణరంగంలో అడుగుపెట్టినవారికి వీటితో పాటు ఒక కంచు నక్షత్రం కూడా ఇచ్చారు. కూలిదళాలలో పనిచేసినవారికి వార్ మెడల్‌ను వెండికి బదులు కంచుతో చేసి ఇచ్చారు. భారత, చైనా, మాల్టా కూలిదళాలవారికి అలా చేరిన కంచు వార్ మెడళ్ళు సుమారు 1,10,000 మాత్రమే కనుక, అది ఎక్కడైనా కనబడితే దానిని వెండి పతకానికి నకలు అనుకుని పక్కన పెట్టేయకండి.

ఈ జంటలో వెండిది కంసాలి మూసలోకి వెళ్ళిపోవడం, కంచుది మూల పెట్టెలో మిగలడం చాలా ఇళ్ళలో జరిగిన కథే. మా ఇంట్లో ముత్తాతగారి వెండి పతకం మా మేనత్త కాళ్ళకు పట్టీలుగా మారింది. కంచు పతకం మాత్రం ప్రతి ఏడూ ఆయుధపూజ నాడు కత్తిపీటతో, కుట్టుమిషనుతో సమానంగా చింతపండు స్నానం చేసి, కుంకుమ బొట్టు పెట్టించుకునేది. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో దానిని ఇంకా బాగా మెరిపించాలని లోహాలు తోమే ద్రావకం తెచ్చి, పాత బనీను గుడ్డతో అరగంట రుద్దాను. ఆ తరువాత భూతద్దంతో అంచును చూస్తే చివరన 'ఎస్. అండ్ ఎమ్.' అనే అక్షరాలు, వాటికి ముందు ఒక 'ఓ' మిగిలాయి. అంటే ఆయన సాపర్స్ అండ్ మైనర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో పనిచేశారని మాత్రమే తెలుస్తోంది. సంఖ్య పోయింది, పేరు పోయింది. ఎనభై ఏళ్ళ చింతపండు మిగిల్చినదానిని నా అరగంట ఉత్సాహం తుడిచివేసింది. అందువల్ల ఈ పాఠంలో అంచును చదవడం ముందు, శుభ్రం చేయడం తరువాత.

అంచు చదవడానికి బల్ల మీద మెత్తటి నూలుగుడ్డ పరచి, పతకాన్ని నిలువుగా పట్టుకుని, టార్చిలైటును పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు బల్లను తాకేంత కిందనుంచి వేయండి. ఏటవాలుగా పడిన వెలుతురులో అరిగిన అక్షరాల గుంటలు నీడలుగా కనిపిస్తాయి. పతకాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఫోనుతో పది పన్నెండు ఫోటోలు తీసి, పెద్దవి చేసి చదవండి. కాగితం ఒత్తి పెన్సిలుతో రుద్దే అలవాటు కొందరికి ఉంది, దానిని మానుకోండి. సాధారణంగా సంఖ్య, హోదా, పేరు, దళం అనే వరుసలో అక్షరాలు ఉంటాయి. వాటిని పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు ఒక్క అక్షరం కూడా సవరించకండి. ఆనాటి గుమాస్తా మన వెంకటస్వామిని తనకు వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు, రికార్డులన్నీ ఆ స్పెల్లింగు మీదనే నడుస్తాయి, మీరు ప్రేమకొద్దీ సరిదిద్దితే వెతుకులాటలో ఆ మనిషి దొరకడు. మద్రాసు సిపాయిల పేర్లలో ఊరు, ఇంటిపేరు తరచుగా ఉండవు కనుక, ఒకే దళంలో ఒకే పేరు గలవారిని వేరు చేసేది ఆ సంఖ్య ఒక్కటే.

దళాల పేర్లు పొడి అక్షరాలలో ఉంటాయి. '2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎమ్.' అంటే రెండవ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. నేడు బెంగళూరులో ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ దాని వారసురాలు. ముళ్ళకంచెలను పేల్చడానికి 1912లో తయారైన బెంగళూరు టార్పెడో కూడా ఆ దళంవారి సృష్టే. '75 కర్నాటిక్', '88 కర్నాటిక్' అని చూసి కన్నడసీమ దళాలనుకునే మిత్రులు నాకు ఉన్నారు. ఇక్కడ కర్నాటిక్ అంటే ఆర్కాటు నవాబులు ఏలిన ప్రాంతం, ఆ దళాలు పాత మద్రాసు సైన్యానికి చెందినవి. సిపాయి యుద్ధంలో మరణించాడని అనుమానం ఉంటే కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంఘంవారి జాబితాలో వెతకవచ్చు. చెన్నై నందంబాక్కంలోని యుద్ధసమాధుల ఆవరణలో 1914–18 నాటి స్మారకం కూడా ఉంది. మన దేశంలోనే మరణించి, సంరక్షించడానికి వీలులేని చోట్ల సమాధి అయిన వెయ్యిమందికి పైగా సైనికుల పేర్లు దాని మీద ఉన్నాయి.

అసలు పేరును అరగదీసి మరొక పేరు చెక్కిన పతకాలూ చేతులు మారుతుంటాయి. అక్షరాల తీరును మాత్రమే చూసి తీర్పు చెప్పకుండా వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. విక్టరీ మెడల్, వార్ మెడల్ రెండింటి వ్యాసమూ 36 మిల్లీమీటర్లు. పైన కొక్కెం ఉన్న దిక్కును వదిలి అడ్డంగా ఒకసారి, రెండు ఏటవాలు దిక్కులలో ఒక్కొక్కసారి కొలిచినప్పుడు ఒకచోట స్పష్టంగా తగ్గితే అక్కడ ఆకురాయి తిరిగిందని అనుమానించాలి. మొత్తం సమంగా తగ్గితే మాత్రం అది మా ఇంటి పతకం లాగా చింతపండు బాధితురాలు కావచ్చు. విక్టరీ మెడల్ వెనుకవైపు 1914–1919 అనీ, వార్ మెడల్ మీద 1914, 1918 అనీ ఉండడం చూసి కొత్తవారు ఒకటి దొంగదనుకుంటారు. కాల్పుల విరమణ 1918 నవంబరు 11న, వెర్సాయ్ సంధి 1919 జూన్ 28న జరిగాయి. రెండు పతకాలూ సరైనవే. రెండవ ప్రపంచయుద్ధపు నక్షత్రాలను చాలావరకు పేరు లేకుండానే ఇచ్చారు. భారత సైనికులకు చెందినవాటిలో పేరున్నవి కనిపిస్తాయి కాబట్టి వాటినీ తిప్పి చూడడం మరువకండి.

ఇక చిలుము సంగతి. ఆకుపచ్చగా కనిపించిన ప్రతిదీ ఒకే జబ్బు కాదు. మొదటి రకం మైనంలా జిడ్డుగా, ముదురు పచ్చగా ఉంటుంది. తోలుబెల్టుకు పట్టించిన కొవ్వు, ఇత్తడి బకిలు ఏళ్ళ తరబడి అంటుకుని ఉన్నచోట కొవ్వులోని ఆమ్లం రాగితో కలిసి ఇలా ఊరుతుంది. పళ్ళుకుట్టుకునే వెదురుపుల్లతో గీకితే వెన్నలా లేచి వస్తుంది, చేతిలోనే పని అయిపోతుంది, మిగిలినదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన దూదితో అద్దవచ్చు. రెండవ రకం లేత పచ్చగా, పిండిలా, చిన్న చిన్న మొటిమలుగా ఉంటుంది. తుడిచిన వారానికి అదే చోట మళ్ళీ మొలుస్తుంది. సంరక్షకులు దీనిని బ్రాంజ్ డిసీజ్ అంటారు, మనము కంచుతెగులు అనుకుందాము. ఉప్పుగాలిలోని క్లోరైడు లోహంలోకి దిగి రాగితో కలిసి లోపల దాగి ఉంటుంది. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా ఆక్సిజనుతో కలిసి పొంగుతూ లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. తుడవడం వల్ల పైపిండి పోతుంది గాని లోపలి క్లోరైడు ఉన్నచోటే ఉంటుంది. అనుమానం తీరడానికి పతకాన్ని ఒక డబ్బాలో పెట్టి, దానికి తగలకుండా తడిదూది ఉంచి, మూత వేసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లవారేసరికి కొత్త పిండిమచ్చలు వస్తే అది తెగులే. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. రోగం ఉందని తేలిన తరువాత మళ్ళీ మళ్ళీ చేయడం రోగిని చంపి పరీక్షించడమే.

తెగులు ఉందని తేలితే ఇంట్లో వైద్యం చేయవద్దు. దానికి వాడే బెంజోట్రయజోల్ విషపదార్థం, వంటింటి పక్కన తెరవవలసిన సీసా కాదు. ఈ విషయంలో చెన్నైవారికి గర్వపడదగిన చరిత్ర ఉంది. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో 1930లోనే రసాయన సంరక్షణశాల ఏర్పడింది. అక్కడ ఎస్. పరమశివన్‌గారు ఇదే తెగులు పట్టిన కంచు విగ్రహాలకు విద్యుత్తుతో చికిత్స చేశారు. చోళుల కాలపు నటరాజుకూ మా ముత్తాత పతకానికీ పట్టేది ఒకే జబ్బు అని తెలిసిన రోజు నాకు కొంచెం ఊరట కలిగిందని ఒప్పుకుంటాను.

తెగులు లేని పతకాన్ని భద్రపరచడానికి గాలి చొరబడని పాలీప్రొపిలీన్ డబ్బా, రంగుమారే సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు చాలు. జెల్, మీటరు చెన్నైలోని ప్యారిస్ కార్నర్ దగ్గరి రసాయనాల అంగళ్ళలో దొరుకుతాయి. నేను మూడు లీటర్ల డబ్బాకు వంద గ్రాముల జెల్ గుడ్డసంచిలో వేసి, తేమను నలభై శాతం దగ్గర నిలుపుతాను. నారింజరంగు గుళికలు ముదురుపచ్చగా మారినప్పుడు బయటికి తీసి ఓవెన్లో వేడిచేస్తే మళ్ళీ పనికివస్తాయి. వేసవిలో ఎప్పుడో ఒకసారి చేసే ఈ పనిని కార్తీకమాసపు వానలలో పదిహేను రోజులకొకసారి చేయవలసి వస్తుంది. పీవీసీ సంచులు వాడవద్దు, అవి చెమర్చి రాగిని పచ్చబరుస్తాయి. రబ్బరు బ్యాండు, ఉన్నిగుడ్డ వెండిని నల్లబరుస్తాయి. నాఫ్తలీన్ ఉండలు, ప్లైవుడ్ పెట్టెలు, వార్తాపత్రికల చుట్టలు కూడా దూరంగా ఉండాలి. రిబ్బను సంగతి కొంచెం చిక్కు. పట్టుకు నలభై కంటే కాస్త ఎక్కువ తేమే సుఖం, మరీ ఎండితే మడతల దగ్గర విరుగుతుంది. అసలు కుట్టు ఉన్న రిబ్బనును ఊడదీయడం నాకు మనసొప్పదు కనుక పతకంతోనే ఉంచి, మడత పడకుండా పరచి పెడతాను. రిబ్బను పాతదో కొత్తదో తేల్చడానికి చీకటిలో అతినీలలోహిత టార్చి వేయండి. తెల్లగా వెలిగితే అది తరువాతి కాలపు బట్ట.

చట్టం గురించి రెండు మాటలు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, అనుమతి లేకుండా దానిని దేశం దాటించరాదు. మొదటి యుద్ధపు పతకాలకు ఆ వయసు వచ్చేసింది కాబట్టి విదేశంలో ఉన్న కొడుకుకు కొరియరు చేసే ముందు ఆలోచించండి. మందు ఉన్న తూటా, పేలని గుండు ఎక్కడ కనబడినా తాకకుండా పోలీసులకు తెలియజేయాలి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద కురిపించిన గుండ్ల ముక్కలంటూ తుప్పుముద్దలు అమ్మజూపేవారు ఇప్పటికీ తగులుతారు. హైకోర్టు ప్రహరీ దగ్గరి ఫలకాన్ని చూసి రావడం ఉచితం, ఆ ముద్దకు డబ్బు పెట్టడం నష్టం.

వచ్చే పాఠం లోపల చేయవలసిన అభ్యాసం ఇది. ఇంట్లో ఉన్న ఏదైనా పాత ఇత్తడి లేదా కంచు వస్తువును, పతకం లేకపోతే తాతగారి తాళంకప్పనైనా సరే, తీసుకుని తోమకుండా, తడపకుండా, ఏటవాలు వెలుతురులో పది ఫోటోలు తీయండి. కనిపించిన అక్షరాలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయండి, చదవలేని అక్షరానికి చుక్క పెట్టండి. చిలుము ఉంటే వెదురుపుల్ల మొనతో ఒక్కచోట మాత్రం తాకి, జిడ్డో పిండో పక్కన రాసుకోండి. ఆయుధపూజ దగ్గర పడుతున్నట్లయితే ఆ వస్తువు ఎక్కడుందో ఇంట్లోవారికి చెప్పకండి.